కమిటీలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది అసలు ఎవరు తేలుస్తారు?

కావలి_కుర్రోడు
మా ఊరి వినాయక చవితి కమిటీ సంగతి ఇది. ఇరవై మంది దాకా ఉంటాం. ప్రెసిడెంటు, సెక్రటరీ అని ఎవరినీ ఎన్నుకోలేదు, కాగితం మీద ఏమీ లేదు. అయినా ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరు మాట్లాడితే ఇంక ఎవరూ నోరెత్తకూడదు, పూజలో పీటల మీద ఎవరు కూర్చోవాలి, జనరేటర్‌కి డీజిల్ ఎవరు తేవాలి, అన్నీ ఎవరో ముందే రాసిపెట్టినట్టు నడుస్తాయి. ఈసారి ఫ్లెక్స్ చూసి నాకు కడుపు మండింది. చందాలకి ఇల్లిల్లూ తిరిగి, ట్రాక్టర్ మీద పోయి విగ్రహం తెచ్చి, తొమ్మిది రాత్రులూ మండపంలోనే పడుకున్న పిల్లోడి ఫోటో అట్టడుగు వరసలో స్టాంపు బిళ్ళంత. నిమజ్జనం రోజు హైదరాబాదు నుంచి కారులో వచ్చి పోయే ఆయన ఫోటో పైన నిలువెత్తున. నేను అడిగితే "ఎప్పుడూ ఇంతే గదా" అన్నారు. ఎప్పుడూ అంటే ఎప్పటినుంచి? ఎవరు పెట్టారు ఈ వరస? మీ గుంపుల్లో, ఆఫీసుల్లో ఇది ఎట్టా తేలుతుందో చెప్పండి, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

ట్రంకురోడ్డు_డీటీపీ
ఫ్లెక్సులు డిజైన్ చేయడమే నా పని కాబట్టి ఈ గొడవ నా కంప్యూటర్ ముందు రోజూ జరుగుతుంది. ఒక సంగతి చెప్తా. పైన పెద్ద ఫోటో ఉన్న మనిషి ఇంతవరకూ నాకు ఫోన్ చేసి నా ఫోటో పెంచు అని అడగలేదు, చాలాసార్లు ఆయనకి ఫ్లెక్స్ వేస్తున్నట్టు కూడా తెలియదు. అట్టడుగు వరస వాళ్ళు కూడా అడగరు. ఫోన్లన్నీ మధ్య వరసవే. రెండో వరసలో మూడో మనిషికీ నాలుగో మనిషికీ మధ్యే యుద్ధమంతా. ఫోటోలు దగ్గర దగ్గరగా పేర్చేటప్పుడు ఒకరి భుజం ఇంకొకరి భుజం మీదికి వస్తుంది గదా, ఎవరి భుజం కిందికి పోయిందో వాళ్ళ మనిషి పది నిమిషాల్లో ఫోన్ చేస్తాడు. "అన్న భుజం పైకి తే" అంటాడు. తెస్తే అవతలివాళ్ళు చేస్తారు. చివరికి ఇద్దరి మధ్యా కాస్త ఖాళీ వదిలి, అందులో ఒక పువ్వు పెట్టి పంపిస్తాను.

పెన్నా_ఒడ్డు
ఇంత ఆలోచన ఎందుకు? డబ్బు. ఎక్కువ చందా రాసినోడు పైన, రాయనోడు కింద.

కావలి_కుర్రోడు
@పెన్నా_ఒడ్డు అట్టా అయితే నాకు బాధే లేదన్నా. మా ఊళ్ళో కిరాణా కొట్టాయన ఆ హైదరాబాదు ఆయన కంటే ఎక్కువ రాశాడు. లడ్డు వేలం పాట కూడా రెండుసార్లు ఆయనే పాడుకున్నాడు. ఆయన ఫోటో మూడో వరసలో. మీటింగులో ఆయన ఏదైనా చెప్తే అందరూ విన్నట్టే ఉంటారు, తర్వాత వేరే మాటలోకి పోతారు. అదే మాట పది నిమిషాల తర్వాత రిటైరైన మాస్టారు చెప్తే "కరెక్టు సార్" అంటారు.

సైకాలజీ_ఎమ్మే
నేను చదివిన దాంట్లోంచి కొంచెం చెప్తాను, పొడుగవుతుంది.

ఈ విషయం మీద మొదట గట్టిగా గమనించి రాసినవాళ్ళలో షెల్డెరుప్ ఎబ్బె అనే నార్వే ఆయన ఉన్నాడు. చిన్నప్పటి నుంచి కోళ్ళని చూస్తూ, ఏ కోడి ఏ కోడిని పొడుస్తుంది, ఏది తిరిగి పొడవకుండా తప్పుకుంటుంది అని రాసుకున్నాడు. 1922లో ఆ వ్యాసం అచ్చయింది. గుంపులో కోళ్ళన్నీ దాదాపు ఒకే వరసలో ఉంటాయి, గింజలు వేసినప్పుడు పై కోడి ముందు తింటుంది. ఒకసారి వరస తేలాక పోట్లాటలు తగ్గిపోతాయి, ఎందుకంటే పైదాన్ని చూడగానే కిందది పక్కకి జరుగుతుంది. అప్పుడప్పుడు మాత్రం ఒకటి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్ళీ మొదటిదాన్ని పొడవడం కూడా ఉంటుందని ఆయన రాశాడు.

మనుషుల దగ్గరికి వస్తే ఇంకో సంగతి కలుస్తుంది. జోసెఫ్ హెన్రిక్, గిల్ వైట్ అనే ఇద్దరు 2001లో ఒక వ్యాసం రాశారు. మనుషుల్లో పెద్దరికం రెండు దారుల్లో వస్తుందని వాళ్ళ మాట. ఒకటి భయంతో వచ్చేది: అతను చెడ్డ చేయగలడు కాబట్టి ఒదిగి ఉంటాం, కళ్ళలోకి చూడం, వీలైతే దూరంగా మసులుతాం. రెండోది పనితనంతో వచ్చేది: అతని దగ్గర నేర్చుకునేది ఉంది కాబట్టి మనమే దగ్గరికి పోతాం, పక్కన కూర్చోవాలని చూస్తాం, అతను మాట్లాడుతుంటే గమనిస్తాం. ఈ రెండోదాన్ని ఎవరూ లాక్కోలేరు, చుట్టూ ఉన్నవాళ్ళు ఇవ్వాలి. మీ మాస్టారిది రెండో రకం. కొట్టాయన దగ్గర డబ్బు ఉంది గానీ కమిటీ పనిలో ఆయన దగ్గర నేర్చుకోవాలని ఎవరికీ అనిపించలేదేమో.

పెరటి_కోళ్ళు
కోళ్ళ సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. కొత్త పెట్టని తెచ్చి పగలు గుంపులో వదిలితే నెత్తురు వచ్చేలా పొడుస్తాయి. అందుకే మా అమ్మ చీకటి పడ్డాక, అన్నీ గూట్లో ముడుచుకున్నాక లోపల పెడుతుంది. పొద్దున పొడుస్తాయి గానీ అంత ఘోరంగా కాదు. మా కోళ్ళకి ఫ్లెక్సులు అక్కర్లేదు, అంతవరకు హాయి :)

రేవు_మనిషి
మాది బోగోలు మండలం సముద్రం ఒడ్డు. ఎమ్మే అక్క చెప్పిన రెండు రకాలూ మా పడవలో ఒకే రోజు కనపడతాయి.

పడవ ఒకరిది, వల ఒక్కోసారి ఇంకొకరిది. ఒడ్డున ఉన్నంతసేపు పడవ యజమాని మాటే మాట. ఎన్ని గంటలకి పోవాలి, ఎవర్ని ఎక్కించుకోవాలి, అన్నీ ఆయనే. పడవ తోశాక మారిపోతుంది. అలలు దాటి లోపలికి పోయాక గాలి ఎటు తిరుగుతుంది, నీటి పోకడ ఎట్టా ఉంది, వల యాడ వదలాలి అన్నది తెలిసినోడు ఒకడుంటాడు, అప్పుడు అతనే పెద్ద. యజమాని కొడుకు పడవలో ఉన్నా అతను చెయ్యి చూపించిన వైపే తిప్పాలి. మా పడవలో ఆ మనిషి పెద్దగా మాట్లాడడు. నీళ్ళలో చెయ్యి పెట్టి కాసేపు ఉంచి, గడ్డం ఒక వైపుకి ఊపుతాడు, అంతే. ఆ ఊపు కోసం మేమంతా అతని మొహం వైపే చూస్తుంటాం. తిరిగి ఒడ్డు చేరి చేపలు అమ్మి వాటాలు వేసేటప్పుడు పడవకి, ఇంజనుకి, వలకి వాటాలు తీసేస్తారు, మిగిలింది మనుషులకి. నీళ్ళు చదివే మనిషికి మామూలు వాటానే, మహా అయితే కూరకి నాలుగు మంచి చేపలు. సముద్రంలో వచ్చిన గౌరవం ఇసకలోకి రాగానే అయిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది గదా, ఆ రెండు నెలలూ అతన్ని పలకరించేవాళ్ళు కూడా తగ్గిపోతారు. మేము చూస్తూనే ఉన్నాం.

నైట్_డ్యూటీ
@రేవు_మనిషి మీరు రాసింది చదివి మా వార్డే గుర్తొచ్చింది. మా దగ్గర ఒక సీనియర్ సిస్టర్ ఉన్నారు. రాత్రి రెండింటికి చిన్నబిడ్డకి నరం దొరక్కపోతే హౌస్ సర్జన్లు ఆమె దగ్గరికే వస్తారు, "సిస్టర్, మీరు ఒకసారి చూడండి" అని మెల్లగా అడుగుతారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, బిడ్డ చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో రుద్ది రుద్ది ఒక్కసారికే సూది పెడుతుంది. పొద్దున రౌండ్స్‌లో ఆమె అందరికంటే వెనక, కేస్ షీట్లు పట్టుకుని. రాత్రి అడిగిన ఆ పిల్ల డాక్టరే పొద్దున ఆమెని "సిస్టర్, ఆ ఫైలు" అంటుంది. ఆ పిల్ల చెడ్డది కాదు. పగలు పై డాక్టర్ చూస్తుంటాడు కాబట్టి వరస ప్రకారం మాట్లాడాలి, అంతే. చూసేవాళ్ళు మారితే వరస మారుతుంది.

పెన్నా_ఒడ్డు
ఇవన్నీ వింటానికి బాగున్నాయి. కానీ చివరికి వాటా ఎవరికి ఎక్కువ పోయింది? పడవ ఉన్నోడికే గదా. నేను చెప్పిందీ అదే.

గుండ్లకమ్మ
ఇంతసేపు అందరూ చుట్టూ తిరుగుతున్నారు, అసలు మాట ఎవరూ అనడం లేదు. మన ప్రాంతంలో పుట్టగానే వచ్చే వరస ఒకటి ఉంది. కమిటీలో మూడో వరస, నాలుగో వరస గురించి బాధపడుతున్నారు, ఆ కమిటీలో దళితవాడ నుంచి ఎంతమంది ఉన్నారో @కావలి_కుర్రోడు చెప్పగలడా? చందా మాత్రం మా వీధికి కూడా వచ్చి అడుగుతారు.

కోళ్ళ పోలిక నాకు నచ్చలేదు. కోడి పక్కకి జరిగితే గొడవ అయిపోతుంది. మనుషుల్లో జరగనంటే ఏమవుతుందో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. కారంచేడు అప్పట్లో ప్రకాశం జిల్లానే. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన మాట, 1985 జూలై 17న ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. చెరువులో నీళ్ళు పాడుచేయొద్దని అడగడాన్ని పైనున్నవాళ్ళు తట్టుకోలేకపోయారు. ఎమ్మే చెప్పిన భయం దారి, పనితనం దారి, రెండూ వ్యక్తుల గురించి. ఇక్కడ ఒక మనిషి ఎంత పనితనం చూపించినా వరసలోకే రానివ్వరు.

నెల్లూరు_పిల్లోడు
అన్నా, దయచేసి ఇక్కడికి కులం తేవద్దు. మంచి చర్చ జరుగుతోంది.

గుండ్లకమ్మ
నేను తేలేదు తమ్ముడూ, అది ముందునుంచే ఇక్కడుంది. పెద్దా చిన్నా గురించి మాట్లాడుకుంటూ దాన్ని పక్కన పెట్టడం కుదరదు.

కావలి_కుర్రోడు
@గుండ్లకమ్మ అన్న అడిగింది న్యాయం. ఎస్సీ కాలనీ నుంచి కమిటీలో ఎవరూ లేరు. డప్పు వాయించడానికి పిలుస్తాం, మీటింగుకి పిలవం. నేను ప్రశ్న వేసినప్పుడు ఫ్లెక్స్ లోపల ఉన్నవాళ్ళ గురించే వేశాను, బయట ఉన్నవాళ్ళ గురించి కూడా అడగాల్సిందే.

ఫైళ్ళ_మధ్య_జీవితం
ఒంగోల్లో ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆఫీసులో హోదా గోడకి రాసి ఉండదు, కుర్చీలో కనపడుతుంది. చేతులున్న కుర్చీ ఎవరికి, చేతుల్లేనిది ఎవరికి, వీపుకి తెల్ల టవల్ ఎవరి కుర్చీకి వేయాలి, బెల్లు ఎవరి బల్ల మీద ఉండాలి. ఒక అటెండర్ ఉండేవాడు, ఆఫీసర్ సెలవులో ఉన్నా ఆ టవల్ రోజూ దులిపి మళ్ళీ వేసేవాడు.

నేను చెప్పదలిచింది వేరే. ఇది మనసుకి పట్టే బాధ ఒక్కటే అనుకోవద్దు. మైకేల్ మార్మట్ అనే డాక్టరు పేరుతో బాగా తెలిసిన పరిశోధన ఉంది, లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద, 1967లో మొదలుపెట్టారు. అందరూ ఆఫీసు పనివాళ్ళే, ఆకలితో ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. అయినా అట్టడుగు గ్రేడు వాళ్ళలో మరణాలు పై గ్రేడు వాళ్ళకి దాదాపు మూడు రెట్లు ఉన్నాయి. సిగరెట్లు, బీపీ అన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. ఇంకా ముఖ్యం, అది పైనా కిందా అని రెండు ముక్కలుగా లేదు. మెట్టు మెట్టుకీ తేడా ఉంది. పైనుంచి రెండో మెట్టు మీద ఉన్నవాడు కూడా మొదటి మెట్టు వాడికంటే గుండెజబ్బుతో ఎక్కువ పోయాడు. 1985లో ఆడవాళ్ళని కూడా కలిపి రెండోసారి మొదలుపెట్టారు. తన పని తన చేతుల్లో లేకపోవడం, ఎప్పుడు ఏం చేయాలో ఇంకొకరు చెప్తుండటం గుండెకి చేటని అందులో తేలింది. నా సెక్షన్లో రిటైర్మెంట్ దాకా బతకని గుమస్తాలు ఉన్నారు. వాళ్ళ గుండె ఎందుకు ఆగిందో నేను చెప్పలేను గానీ, టెన్షన్ ఎంత పడ్డారో పక్క బల్ల నుంచి చూశాను.

నైట్_డ్యూటీ
సార్, బీపీ చెక్ చేసేటప్పుడు మాకూ ఇదే కనపడుతుంది. సూపర్వైజర్ ఫోన్ వస్తే రీడింగ్ పెరుగుతుంది, ఫోన్ పక్కన పెట్టించి మళ్ళీ చూస్తాం.

సైకాలజీ_ఎమ్మే
@ఫైళ్ళ_మధ్య_జీవితం గారి మాటకి ఒకటి కలుపుతాను. రాబర్ట్ సపోల్‌స్కీ కెన్యాలో అడవి బబూన్ కోతుల నెత్తురు పరీక్షలు చేశాడు. వరస నిలకడగా ఉన్నప్పుడు కింద ఉన్న మగకోతుల్లో ఒత్తిడి హార్మోన్ ఎక్కువ. వరస కదిలిపోతున్న రోజుల్లో పైనున్నవాటిలోనూ పెరుగుతుంది. ఒక గుంపులో బాగా కొట్లాడే మగవి చెత్తకుప్ప దగ్గర క్షయ సోకిన మాంసం తిని చచ్చిపోయాయి. మిగిలిన గుంపు నెమ్మదిగా మారింది, ఆ తర్వాత బయటినుంచి వచ్చి చేరిన మగకోతులు కూడా ఆ పద్ధతికే అలవాటు పడ్డాయి. అంటే "ఎప్పుడూ ఇంతే" అన్నది కోతుల్లో కూడా నిజం కాదు.

గిత్తల_పిచ్చి
మనుషులకంటే మా ఒంగోలు గిత్తలే నయం. బండలాగుడు పందెంలో పాలపళ్ళ గిత్తలు పాలపళ్ళ వాటితోనే, రెండు పళ్ళవి రెండు పళ్ళ వాటితోనే, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఇట్టా నోరు తెరిచి చూసి విభాగం తేలుస్తారు. ఇచ్చిన టైములో బండని ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. గిత్త ఎవరిదన్నది అడుగుల లెక్కలో రాదు. కొలత ఉన్నచోట గొడవ తక్కువ, కొలత లేనిచోటే ఈ భుజాల గొడవలు.

గుండ్లకమ్మ
గిత్తని మేపడానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టగలరన్నది టేపుకి అందదు గదా గిత్తల అన్నా. ఆ వరస పందెం మొదలవకముందే తేలిపోయింది.

గిత్తల_పిచ్చి
అది ఒప్పుకుంటా. పేదోడి జత ఈ మధ్య పందేల్లో కనపడటం లేదు.

కందుకూరు_అక్క
మగవాళ్ళ కమిటీల గురించి చాలా చెప్పారు, పొదుపు సంఘం మాట నేను చెప్తా. సంఘంలో పది పదిహేను మందిమి, అందరి పొదుపూ సమానం. కానీ లీడరు సంతకం లేకపోతే బ్యాంకులో పని జరగదు. మేనేజరుకి ఆమె మొహమే తెలుసు, మిగతావాళ్ళం బయట బెంచీ మీద కూర్చుంటాం. అక్కడినుంచే మొదలవుతుంది పెద్దరికం. ఆమెకి ముందు తెలిసిన మాట మాకు తర్వాత తెలుస్తుంది, లోను వస్తే ఎవరికి ముందు అన్నది ఆమె ఇంట్లో తేలుతుంది. పాపం ఆమె దాన్ని కోరుకుని తెచ్చుకోలేదు, రాను రాను మేమే ఆమె ఇంటికి పోవడం మొదలుపెట్టాం. పంచాయతీల్లో ఆడవాళ్ళకి రిజర్వేషన్ వచ్చాక కూడా సర్పంచి కుర్చీలో మొగుడు కూర్చునే ఊళ్ళు చూస్తున్నాం. కుర్చీ ఇచ్చినంత మాత్రాన అయిపోదు.

అట్టాగని మారదని నేను అనను. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించింది ఎవరు? ఊళ్ళో ఏ వరసలోనూ లేని ఆడవాళ్ళు. వర్ధినేని రోశమ్మ పేరు అందరికీ తెలుసు, ఆమె వెనక పేర్లు తెలియనివాళ్ళు ఎంతమందో. అప్పట్లో రాత్రి బళ్ళలో చదువుకుంటూ, ఒకచోట కూర్చుని, నీ ఇంట్లో జరిగేదే మా ఇంట్లోనూ జరుగుతోందని ఒకరికొకరు చెప్పుకున్నారు. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు ఒకటిన రాష్ట్రమంతా సారా ఆగింది. కూలికి పోయే ఆడవాళ్ళ మాట కలెక్టరు ఆఫీసు విన్నదంటే, వాళ్ళు ఎవరి వరసలోనో పైకి ఎక్కి కాదు. కింద ఉన్నవాళ్ళు పక్కకి జరగడం మానేశారు.

@కావలి_కుర్రోడు ఇంకో మాట. నువ్వు ఆ పిల్లోడి తరఫున కోపం తెచ్చుకున్నావు, మంచిదే. అతన్ని అడిగావా ఏం కావాలో?

కావలి_కుర్రోడు
అక్కా, మీరు అడిగాక సాయంత్రం పోయి అడిగాను. "ఫోటో నాకెందుకన్నా. ఖర్చుల లెక్క చూసేటప్పుడు నన్ను కూడా కూర్చోబెట్టుకోండి. చందాలు తెచ్చింది నేను, మిగిలింది ఎంతో ఊళ్ళోవాళ్ళు నన్ను అడుగుతారు, నాకు తెలియదని చెప్పాల్సి వస్తుంది" అన్నాడు. నేను భుజాలు, వరసలు అని ఆలోచిస్తుంటే అతను నేరుగా అక్కడికి పోయాడు.

రేవు_మనిషి
తెలివైన పిల్లోడు. మా వైపు కూడా వాటాలు వేసే చోట ఎవరు నిలబడ్డారన్నదే అసలు మాట.

పెన్నా_ఒడ్డు
చూశారా, మళ్ళీ డబ్బు దగ్గరికే వచ్చింది.

ట్రంకురోడ్డు_డీటీపీ
డబ్బు కాదన్నా, డబ్బు లెక్క. రెండింటికీ తేడా ఉంది. కొట్టాయన దగ్గర డబ్బుంది, లెక్క దగ్గర చోటు లేదు. అందుకే మూడో వరస. ఇంతకీ కమిటీ లెక్క ఎవరి దగ్గరుంది?

కావలి_కుర్రోడు
మాస్టారి తమ్ముడి దగ్గర ఒక డైరీలో. నిమజ్జనం అయ్యాక నలుగురు వాళ్ళింట్లో కూర్చుని చూస్తారు. మర్నాడు "అంతా సరిపోయింది" అంటారు. తప్పు చేశారని నేను అనడం లేదు, ఎవరూ చూడలేదంతే. ఈసారి మండపంలోనే అందరి ముందు చదవమని అడగాలనుకుంటున్నా. కాలనీవాళ్ళ చందా కూడా ఉంది కాబట్టి వాళ్ళని కూడా పిలవాలి. దీనికి మాత్రం గొడవ అవుతుందని తెలుసు.

గుండ్లకమ్మ
లెక్క వినడానికి మాత్రమే పిలిస్తే రావొద్దని మావాళ్ళకి నేనే చెప్తాను. చందా ఎంత వసూలు చేయాలి, దేనికి ఖర్చు పెట్టాలి అని మాట్లాడే మొదటి మీటింగుకి పిలవండి. అక్కడ కూర్చుంటే లెక్క దగ్గర ఎట్టాగూ కూర్చుంటాం.

ఫైళ్ళ_మధ్య_జీవితం
గుండ్లకమ్మ గారు చెప్పింది సరైన పద్ధతి. మినిట్స్ పుస్తకం ఒకటి పెట్టండి, వచ్చినవాళ్ళందరితో సంతకాలు చేయించండి. ఎవరు ముందు వస్తే వాళ్ళు ముందు సంతకం.

పెన్నా_ఒడ్డు
పెట్టండి. రెండేళ్ళు పోతే ఆ పుస్తకం రాసేవాడే పెద్దమనిషి అవుతాడు, ఆ పిల్లోడి కింద ఇంకో పిల్లోడు ఉంటాడు.

కందుకూరు_అక్క
అవుతాడు, అందులో అనుమానం లేదు. అందుకే పుస్తకం ఒకరి దగ్గర, డబ్బు ఇంకొకరి దగ్గర పెట్టండి. ప్రతి మీటింగులో మొదట పోయినసారి లెక్క గట్టిగా చదవండి, చదువు రానివాళ్ళు కూడా వినేలా. రాసేవాళ్ళు రెండేళ్ళకి మారాలని మొదటి మీటింగులోనే తీర్మానం రాసుకోండి, అందరూ స్నేహంగా ఉన్నప్పుడే. తర్వాత రాయాలంటే ఎవరో ఒకరి మీద అనుమానం పడ్డట్టు ఉంటుంది, అప్పుడు ఎవరూ ఒప్పుకోరు. మా సంఘంలో ఆ తీర్మానం ఆలస్యంగా పెట్టడం వల్ల ఇద్దరు మానేశారు. మంచి మనుషులు, ఇప్పటికీ తిరిగి రాలేదు.

కావలి_కుర్రోడు
సరే అక్కా. ఆదివారం మాస్టారి దగ్గరికి పోతున్నా, ఆయన ఒప్పుకుంటే మిగతావాళ్ళు ఒప్పుకుంటారు. @గుండ్లకమ్మ అన్నా, మీరు ఏ ఊరో నాకు తెలియదు గానీ, మా కాలనీలో ఎవరితో ముందు మాట్లాడితే బాగుంటుందో, ఎట్టా అడిగితే బాగుంటుందో మెసేజ్ పెట్టగలరా?

గుండ్లకమ్మ
పెడతాను. ముందు వాళ్ళింటికి నువ్వు పో, నీ దగ్గరికి పిలిపించుకోవద్దు.